నాన్న ఫిడేలుకి కొత్త తోక

కుక్కరు గాస్కెట్టు పోయిందంటే ఆ పూటకి ఆ పూటే కొట్టుకి పరిగెడతాం. మిక్సీ జారు అడుగున పళ్ళ చక్రం అరిగిందంటే రెండు రోజులు రోట్లో నూరుకుని, మూడో రోజు ఎలాగో మార్పించేస్తాం. మరి ఇరవై తొమ్మిదేళ్ళుగా విరిగి ఉన్న వస్తువుని ఒకదాన్ని, నా చేతులతో నేనే విరగ్గొట్టినదాన్ని, మొన్నటిదాకా నేను తిరిగి చూడలేదంటే మీరు నమ్ముతారా? అది మా నాన్నగారి ఫిడేలు. దానికి విరిగింది తోక. నవ్వకండి, వయొలిన్ చివర తీగెలన్నీ తగిలించే నల్ల చెక్క ఉంటుందే, దాన్ని ఇంగ్లీషులో టెయిల్ పీసు అంటారట. అంటే తోక ముక్కే కదా!

మాది చోడవరం. విశాఖపట్నం జిల్లా అని రాయడం చిన్నప్పట్నుంచీ అలవాటు. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని అనకాపల్లి జిల్లాలో కలిపారు గానీ, ఉత్తరం మీద చెయ్యి మాత్రం ఇంకా విశాఖ అనే రాస్తుంది. మావారికి ఎరువుల కొట్టు. అబ్బాయి ఒక్కడే, విశాఖలో ఇంజనీరింగు చదువుతున్నాడు. నా చదువు ఇంటర్మీడియట్‌తో ఆగింది. పుట్టిల్లు మాడుగుల. మాడుగుల అనగానే హల్వా అంటారు అందరూ. అవునండీ, ఆ మాడుగులే. గోధుమలు నానబెట్టి, రుబ్బి, పాలు తీసి, నేతిలో గంటల తరబడి కలిపే ఆ హల్వా గురించి ఇంకోసారి రాస్తాను.

నాన్నగారు ఎలిమెంటరీ స్కూలు మాస్టారు. పగలు బడి, రాత్రి ఫిడేలు. శ్రీరామనవమి పందిళ్ళలో, వినాయక చవితి పందిళ్ళలో హరికథలు చెప్పేవారు కదా, ఆ కథకుల పక్కన కూర్చుని వాయించేవారు. కచేరీ విద్వాంసుడేం కాదు. కథకుడు ఏ శ్రుతి అంటే ఆ శ్రుతికి బిరడాలు తిప్పుకుని, ఆయన పద్యం ఎత్తుకుంటే వెనకే వెళ్ళడం, ఆయన కథలో పడితే ఆగడం, అంతే. తెల్లారి మూడింటికి ఇంటికొచ్చి, పందిట్లో ఇచ్చిన అరటిపళ్ళూ కొబ్బరిచెక్కలూ మా తలగడ పక్కన పెట్టి పడుకునేవారు. మళ్ళీ తొమ్మిదికి బడి.

నాకు ఆరేళ్ళప్పుడు ఆయనే నేర్పడం మొదలుపెట్టారు. మన పద్ధతిలో నేల మీద బాసింపట్టు వేసుకుని, కుడికాలు కొంచెం ముందుకి చాపి, ఫిడేలు తల మడమ దగ్గర ఆనించి, రెండో కొస గుండెకి ఆనించుకుని వాయించాలి. తెల్లవాళ్ళు గడ్డం కింద పెట్టుకుని నిలబడి వాయిస్తారు. వాద్యం వాళ్ళదే, కూర్చోవడం మాత్రం మనది. సుమారు రెండు వందల ఏళ్ళ కిందట ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో ఇంగ్లీషు బ్యాండు వాళ్ళ వాద్యం చూసి నేర్చుకుని మన సంగీతంలోకి తెచ్చారని నాన్న చెప్పేవారు. ఆ వెంటనే ద్వారం వారి పేరు వచ్చేది. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు బెంగుళూరులో పుట్టినా పెరిగింది మన విశాఖలోనే. 1919లో విజయనగరం సంగీత కళాశాల పెట్టినప్పుడు వయొలిన్ ఆచార్యులుగా చేరి, 1936లో ఆదిభట్ల నారాయణదాసుగారి తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల, సుశీల చదువుకున్నది కూడా ఆ కాలేజీలోనే. "మన జిల్లాల వాళ్ళకి ఫిడేలు అంటే వంటింట్లో ఉప్పులాంటిది" అనేవారు నాన్న. నాకు మాత్రం అప్పట్లో చేతి వేళ్ళ నొప్పి తప్ప ఉప్పూ తెలీలేదు, కారమూ తెలీలేదు!

ఇక అసలు నేరం. 1996, సంక్రాంతి ముందు రోజులు. నేను ఇంటర్లో ఉన్నాను. నాన్నగారు బడికెళ్ళారు. రేడియోలో ఏదో సినిమా పాట వస్తోంది. ఆ పాటకి సరిపోయేలా వాయించాలని పంతం పట్టి, పై పంచమం తీగె శ్రుతి పెంచుదామని బిరడ తిప్పుతూ పోయాను. ఇంకొంచెం, ఇంకొంచెం… టప్! తీగె తెగిందనుకున్నాను. తెగలేదు. తీగె ముడి తగిలించే గాడి ఉన్న చోట, ఆ నల్ల చెక్కే చీలి ఒక పెచ్చు ఎగిరిపోయింది. అంతకు ముందే అక్కడ సన్నటి బీట ఉందేమో, నాకేం తెలుసు.

నాన్న వచ్చి చూశారు. తిట్టలేదు. కొట్టలేదు. ఆ పెచ్చు వెతికి జేబులో వేసుకుని సైకిలెక్కి బజారుకెళ్ళారు. గంటలో తిరిగొచ్చారు. విరిగిన చోట సన్నటి రాగి తీగె వరసగా చుట్టించి, తీగె ముడి అందులో ఇరికించారు. వాయిస్తే మోగింది. కానీ ప్రతి స్వరం వెనకాల జుయ్… జుయ్… అని ఒక సన్నటి రొద. గాజు సీసాలో తేనెటీగ పడ్డట్టు. నాన్న రెండుసార్లు కమాను లాగి, ఆగి, పెట్టెలో పెట్టేశారు.

ఆ ఏడు శ్రీరామనవమికి కథకి వెళ్ళలేదు. ఎవరైనా అడిగితే "వాద్యం పాడైందండీ" అనేవారు. ఆ మాట నేను పక్క గదిలోంచి ఎన్నిసార్లు విన్నానో. ప్రతిసారీ పొట్టలో ఏదో తిప్పినట్టయ్యేది. మళ్ళీ ఏడు కూడా వెళ్ళలేదు. 1998లో నాకు పెళ్ళయింది. అత్తవారింటికి వచ్చేటప్పుడు బిందెలూ, బీరువా, కుట్టుమిషనూ వచ్చాయి గానీ ఫిడేలు ఊసు నేనూ ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. నా మీద కోపం లోపలే దాచుకున్నారని అనుకున్నాను. పండగలకి వెళ్ళినప్పుడు ఆ పెట్టె మంచం కింద కనిపించేది. నేను చూపు తిప్పుకునేదాన్ని.

2019లో నాన్న పోయారు.

మొన్న 2025 దసరాల్లో, మూలా నక్షత్రం నాడు సరస్వతీ పూజకి పుట్టింటికి వెళ్ళాను. పుస్తకాలూ పెన్నులూ పీట మీద పెడుతుంటే అమ్మ, "ఆ ఫిడేలు కూడా తియ్యవే, పాపం ఆయనున్నప్పుడు ఏటా పెట్టీవోరు" అంది. అన్నయ్య పెట్టె దించాడు. పూజయ్యాక, "ఇల్లు తిరగేస్తున్నాం. ఇది నువ్వు పట్టుకెళ్తావా, లేకపోతే ఎవరికైనా ఇచ్చెయ్యనా?" అన్నాడు. అన్నయ్య తప్పేం లేదు, వాళ్ళింట్లో వాయించేవాళ్ళు ఎవరూ లేరు. "ఇచ్చెయ్యి" అనబోయి, "పట్టుకెళ్తాను" అన్నాను. నా నోరు నా మాట వినకపోవడం అదే మొదటిసారి కాదు లెండి.

ఇంటికి తెచ్చి పెట్టె తెరిచాను. రోజిన్ వాసన! కమానుకి రుద్దే బంక బిళ్ళని రోజిన్ అంటారు, దేవదారు లాంటి చెట్ల జిగురుతో చేస్తారు. ఆ వాసనకి నేను ఒక్క క్షణం మాడుగుల ఇంటి చావిట్లో ఉన్నాను. మావారు తొంగి చూసి, "ఇప్పుడీ వయసులో కచేరీలా?" అన్నారు. "కచేరీ కాదండీ, రిపేరు" అన్నాను. రిపేరు అంటే ఆయనకి అర్థమవుతుంది. ఊరుకున్నారు.

విశాఖ వెళ్ళినప్పుడు సంగీత వాద్యాలమ్మే ఒక కొట్లో అడిగాను. అక్కడి కుర్రాడు "వయొలిన్ టెయిల్ పీసా ఆంటీ? ఇదిగో" అని ఒకటి చేతిలో పెట్టాడు. మూడు వందల యాభై. ఏ సైజు అని అతను అడగలేదు. సైజులుంటాయని నాకు తెలీదు. చీర కొంటే అంచు నుంచి అంచు దాకా చూసి తీసుకునే నేను, ఇది మాత్రం కాగితంలో చుట్టించుకుని బస్సెక్కేశాను.

తర్వాత నేను చేసిన పని మీరు చెయ్యకండి. భోజనాలయ్యాక, వంటింటి గట్టు తుడిచి, ఫిడేలు పెట్టుకుని నాలుగు తీగెలూ విప్పేశాను. తోక చెక్క ఊడొచ్చింది, బ్రిడ్జి పడిపోయింది. సరేలే అనుకున్నాను. లోపల ఎన్నేళ్ళ దుమ్మో ఉంది కదా, పొట్ట మీద ఎఫ్ అక్షరంలా రెండు చీలికలుంటాయి, వాటిలోంచి దుమ్ము రాలుద్దామని బోర్లించి తట్టాను. లోపల టక్ మని ఏదో పడి గలగలా దొర్లింది.

నా గుండె ఆగినంత పనైంది. ఒకసారి విరగ్గొట్టింది చాలక ఇప్పుడు పొట్టలో పేగు కూడా తెంపాననుకున్నాను. రాత్రి పదిన్నరకి అబ్బాయికి వీడియో కాల్ చేశాను. వాడు గిటారు వాయిస్తాడు. నాకు ఇష్టం లేదని నా ముందు ఆ మాట ఎత్తడు. రెండు సబ్జెక్టులు పోయినప్పుడు ఆ గిటారునే తిట్టాను నేను. వాడికీ నాకూ ఫోన్లో మాటలంటే తిన్నావా, పడుకున్నావా, డబ్బులున్నాయా, అంతే. అలాంటిది ఆ రాత్రి గంటసేపు మాట్లాడాడు.

"అమ్మా, ఏడవకు. పడింది సౌండ్ పోస్టు. చిన్న కర్ర పుల్ల. జిగురు పెట్టరు దానికి. తీగెల బరువుకి పైచెక్కా కిందచెక్కా మధ్య నొక్కుకుని నిలబడుతుంది, అంతే. తీగెలు వదులైతే పడిపోతుంది. విరగలేదు, మళ్ళీ నిలబెట్టొచ్చు" అన్నాడు. బ్రిడ్జి కుడికాలు కింద, కొంచెం వెనగ్గా అది నిలబడుతుందిట. తీగె అదురు బ్రిడ్జిలోంచి దిగి, ఈ పుల్ల మీదుగా అడుగు చెక్కకి చేరితేనే నాదం నిండుగా వస్తుందిట. ఫ్రెంచి వాళ్ళూ, ఇటలీ వాళ్ళూ దాన్ని తమ భాషల్లో 'ఆత్మ' అంటారట. వాడు ఆ మాట మామూలుగానే చెప్పాడు. నేను మాత్రం ఫోను పట్టుకుని కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను.

వాడికి హుషారెక్కింది. "నీ ఫిడేలుకి ఉన్నట్టే తోక ఉన్న గిటార్లు ఉన్నాయి తెలుసా" అని బొమ్మలు పంపాడు. అమెరికాలో మిషిగన్ రాష్ట్రం, కలమజూ అనే ఊళ్ళో ఓర్విల్ గిబ్సన్ అని ఒకాయన 1890ల్లో, వయొలిన్ పైచెక్కలాగే గిటారు పైచెక్కని కూడా ఉబ్బుగా చెక్కడం మొదలుపెట్టాడట. ఆయన పేరుతో పెట్టిన కంపెనీ 1922లో ఎల్-5 అనే గిటారు తెచ్చింది, దానికి అచ్చం ఫిడేలుకున్నట్టే ఎఫ్ చీలికలు. జాజ్ సంగీతం వాళ్ళు వాయించేది అలాంటివేనట. మామూలు గిటారుకి తీగెలు పొట్ట మీద అతికించిన బ్రిడ్జికే కట్టేస్తారు. వీటికి మాత్రం బ్రిడ్జి ఊరికే నిలబడి ఉంటుంది, తీగెలు దాన్ని దాటి వెళ్ళి చివర తోకకి తగులుకుంటాయి. లాగే బరువంతా తోకదే. "అందుకే తోక చెడితే గిటారైనా ఫిడేలైనా ఒకటే గోల. రొద చేస్తుంది" అన్నాడు. వాడికి ఇంత తెలుసని నాకు తెలీదు. ఇన్నేళ్ళూ వాడు ఊరికే తీగెలు గోకుతున్నాడనుకున్నాను.

విజయనగరంలో వీణలూ ఫిడేళ్ళూ బాగుచేసే పెద్దాయన ఒకరున్నారని అమ్మ ఎరికున్నవాళ్ళ ద్వారా తెలిసింది. పొద్దున్నే టిఫిను చేసి, మధ్యాహ్నానికి చారూ కూరా వండి మూతలు పెట్టి, కొత్తవలస మీదుగా బయల్దేరాను. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు బస్సుల్లో ఆడవాళ్ళకి టిక్కెట్టు లేదు కదా, కాబట్టి ఛార్జీల గొడవ లేదు. సీటే దొరకలేదు. చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు పెట్టెని ఎత్తుకుని నిలబడితే, ఒకావిడ "ఇలా ఇవ్వమ్మా" అని ఒళ్ళో పెట్టుకుంది. ఏముందని అడిగి, ఫిడేలు అని చెప్పగానే "మా మావగారు కథలు చెప్పీవోరు" అని కొత్తవలస దాకా ఆయన కబుర్లే.

మేస్త్రీగారికి డెబ్భై దాటి ఉంటాయి. వరండాలో చాప, గోడకి ఆనించి మూడు బొబ్బిలి వీణలు. ఆ వీణల్ని బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగలో తొలిచి చేస్తారు కదా. ఒకదానికి బుర్ర ఊడి పక్కన ఉంది. ఆయన నా ఫిడేలు తీసుకుని ముందు చెవి దగ్గర పెట్టి ఊపారు. "పడేశావా తల్లీ? పర్లేదు" అన్నారు. నేను కొన్న తోకని వేళ్ళతో తూచి పక్కన పెట్టేశారు. "ఇది ముప్పావు సైజు. చిన్నపిల్లల ఫిడేలుది. నీది పూర్తి సైజు. వీణకైతే దీన్ని నాగపాశం అంటాం. పాశం పొట్టిదైతే మోత సరిగ్గా రాదు."

ఆయన చేసేవన్నీ పక్కన కూర్చుని చూశాను. ఇంకెక్కడా దొరకని చదువనిపించి, ఇంటికొచ్చాక చాకలి పద్దు పుస్తకం వెనకాల రాసుకున్నాను కూడా. మీలో ఎవరింట్లోనైనా పిల్లలు వయొలిన్ నేర్చుకుంటుంటే పనికొస్తుంది.

తోక మార్చాలంటే అన్ని తీగెలూ విప్పక తప్పదు. కానీ విప్పేముందు బ్రిడ్జి కాళ్ళ చోటు పెన్సిలుతో సన్నగా గుర్తు పెట్టుకోవాలి. ఎఫ్ చీలికలకి లోపలి వైపు చిన్న నొక్కులుంటాయి, బ్రిడ్జి వాటికి సరిగ్గా ఎదురుగా ఉండాలి. విప్పాక వాద్యాన్ని మెత్తటి గుడ్డ మీద వెల్లకిలా పడుకోబెట్టే ఉంచాలి, లేపకూడదు, తిప్పకూడదు, తట్టకూడదు. ఇక్కడ మేస్త్రీగారు నా వైపు చూసి నవ్వారు. తోక కింద చెక్క గీరుకోకుండా పాత నూలు చీర ముక్క మడత వెయ్యాలి.

ఆయన దగ్గర ఎబోనీ తోకలు నాలుగున్నాయి. ఎబోనీ అంటే నల్లటి చేవ కర్ర. మనకి బీడీ ఆకులిచ్చే తుమికి చెట్టు కూడా ఆ జాతిదేనట. ఒకటి తీసి నా చేతికిచ్చారు, చల్లగా, నున్నగా ఉంది. ఇనప తోకలు చవక గానీ బరువెక్కువ, బరువు పెరిగితే నాదం మొద్దుబారుతుందన్నారు. తోకని అడుగున ఉన్న బుడిపెకి కట్టే తాడుని గట్ అంటారు. పూర్వం గొర్రె పేగుతో చేసేవారు, ఇప్పుడు నైలాన్. దానికి రెండు చివర్లా ఇత్తడి మరలుంటాయి, వాటితో పొడవు సరిచెయ్యొచ్చు. అసలు కిటుకంతా ఆ పొడవులోనే ఉందట. పైన నట్టు నుంచి బ్రిడ్జి దాకా తీగె పొడవు 32, 33 సెంటీమీటర్లు ఉంటుంది. బ్రిడ్జి నుంచి తోక దాకా మిగిలే ముక్క అందులో ఆరో వంతు ఉండాలి, అంటే 5 సెంటీమీటర్ల పైచిలుకు. ఆయన స్కేలు పెట్టలేదు. ఒక కాగితం ముక్కని ఆరు మడతలు పెట్టి కొలిచారు. మనం జాకెట్టుకి డార్టులు కొలుచుకున్నట్టే!

అంతకు ముందే పుల్ల నిలబెట్టారు. ఎస్ అక్షరంలా వంచిన ఇనప చువ్వ, దాని కొసకి పుల్లని గుచ్చి, ఎఫ్ చీలికలోంచి లోపలికి పంపి, గుడ్డివాడు సూదిలో దారం ఎక్కించినట్టు, చేతి వేళ్ళ తెలివితోనే నిలబెట్టారు. మూడుసార్లు పడింది. నాలుగోసారి నిలిచింది. తర్వాత బిరడాలకి కొంచెం సుద్ద, కొంచెం పొడి సబ్బు రాశారు. జారిపోతుంటే సుద్ద, బిగుసుకుపోతే సబ్బు. ఇది మాత్రం బంగారంలాంటి చిట్కా! "ఇంట్లో కొబ్బరినూనె రాస్తారు కొందరు మెరుపు కోసం. అది మాత్రం రాయకు తల్లీ, పొడిగుడ్డ చాలు" అన్నారు.

ఇదంతా ఒక ఎత్తు. ఆయన పాత తోకని వెలుగులోకి పట్టుకుని చూసి, ఒక మాటన్నారు.

"ఈ చుట్టు ఎప్పుడు చుట్టించావమ్మా?"

"ఇరవై తొమ్మిదేళ్ళ కిందట, మా నాన్నగారు" అన్నాను.

"కాదు. రాగి ఇంకా ఎర్రగానే ఉంది చూడు. ఐదారేళ్ళకి మించదు. కింద చెక్క మీద గాట్లు చూశావా? చుట్టు మీద చుట్టు, విప్పి మళ్ళీ చుట్టి, ఎన్నోసార్లు మార్చిన చెయ్యి ఇది. తీగెలు కూడా అంత పాతవి కావు."

నాకు అర్థం కాలేదు. నాన్న 1996 తర్వాత ఫిడేలు ముట్టుకోలేదు కదా.

డబ్బులిచ్చి, పాత తోకని కూడా అడిగి తీసుకుని, చుట్టు విప్పకుండా పెట్టెలో పెట్టుకుని వచ్చేశాను. తోకకీ గట్‌కీ మజూరీకీ కలిపి పదకొండు వందలు. మావారికి ఎనిమిది వందలని చెప్పాను. ఇది ఆయన చదవరులెండి, వంటల పేజీ పక్క పేజీ అని చెబుతాను.

కార్తీకంలో ఒక ఆదివారం మాడుగుల వెళ్ళాను. అంతకు ముందు పది రోజులు, మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయ్యాక తలుపేసుకుని సరళీ స్వరాలు వాయించాను. వేళ్ళు మొద్దుబారిపోయాయి, ఎడమచేతి కొసలు కందిపోయాయి. చింతపండు పిసికితే భగ్గుమనేవి. వదిన కూరగాయలకి వెళ్ళింది, అన్నయ్య పొలం వెళ్ళాడు. అమ్మా నేనే ఉన్నాం. అమ్మ చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. నేను పక్కన కూర్చుని నాలుగు కాయలు తీసి, అడిగాను.

"అమ్మా, నాన్న ఫిడేలు వాయించేవారా, తర్వాత?"

"తర్వాతంటే?"

"అదే, నేను విరగ్గొట్టాక."

అమ్మ నా వంక వింతగా చూసింది. "ఏటే అలా అడుగుతావు? ఏటా భోగి ముందు దాన్ని తీసీవోరు కాదూ. కొత్త రాగితీగె తెచ్చి ఆయనే చుట్టుకునీవోరు. శ్రుతి పెట్టి, పెట్టె మూత తెరిచే ఉంచీవోరు, చావిట్లోనే. పండక్కి నువ్వొస్తావని. నువ్వొచ్చి ఒకసారి వాయిస్తావని."

"నాకెప్పుడూ చెప్పలేదే?"

"నువ్వడగలేదు, ఆయన చెప్పలేదు. కనుమ ఎల్లిపోయి మీరు బస్సెక్కేక మూత ఏసీవోరు. ఆ రాత్రి ఒక్కడూ కాసేపు వాయించుకునీవోరు."

చిక్కుడుకాయ చేతిలో విరిగింది. మంచం కింద ఆ పెట్టె, ఆ పండగ రోజుల్లో చావిట్లో ఉండేదా? నిజమే, ఉండేది. మూత తెరిచి ఉండేది. నేను చూసీ చూడనట్టు వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని. నన్ను ఎత్తిపొడవడానికి పెట్టారనుకునేదాన్ని.

"మరి కథలకి ఎందుకు మానేశారు? నా వల్లే కదా. వాద్యం పాడైందని అందరికీ చెప్పేవారు, నేను విన్నాను" అన్నాను. గొంతు కొంచెం గట్టిగానే వచ్చింది.

అమ్మ చిక్కుళ్ళ పళ్ళెం పక్కకి పెట్టింది. "ఓలి పిచ్చిదానా. అప్పటికి కథలకి పిలిచీవోళ్ళెవరే? పందిట్లో టీవీ పెట్టి సినిమా ఏసీడం మొదలైపోయింది. రెండేళ్ళ ముందే పిలుపులు సగమైపోయేయి. ఆ ఏడు ఒక్కరూ పిలవలేదు. పిలవలేదని చెప్పుకోడానికి మీ నాన్నకి నామోషీ. ఫిడేలు పాడైందంటే గౌరవంగా ఉంటదని అలా చెప్పీవోరు."

ఆ మాట విని నాకు ఏడుపు రాలేదండీ. నిజం చెబుతున్నాను, కోపం వచ్చింది. ఆయన నామోషీ దాచుకోడానికి నా చేతి తప్పు అడ్డం పెట్టుకున్నారు. పక్క గదిలో పదహారేళ్ళ పిల్ల వింటోందని ఒక్కసారి కూడా తోచలేదా? ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా పోలేదు. ఆయన ఫొటోకి దణ్ణం పెట్టేటప్పుడు కూడా ఉంది. కానీ ఆ రాగితీగె చుట్లు గుర్తొస్తే అది నిలవడం లేదు. రెండూ ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి, ఏం చెయ్యను.

సాయంత్రం దీపం పెట్టాక చావిట్లో కూర్చుని పెట్టె తెరిచాను. అబ్బాయి కూడా విశాఖ నుంచి వచ్చాడు, గిటారు లేకుండా. "శ్రుతి నేను చూస్తానమ్మా" అని ఫోన్లో ఏదో పెట్టుకుని బిరడాలు తిప్పాడు, మెల్లగా, చాలా మెల్లగా. నేను వెనకనుంచి "ఇంక చాలు, ఇంక చాలు" అంటూనే ఉన్నాను. వాడు నవ్వి, "తోక కొత్తదే కదే" అన్నాడు.

నాకొచ్చిన చిన్న గీతమే వాయించాను. రెండు చోట్ల తప్పాను. ఒకచోట కమాను జారింది. నాదం మాత్రం శుభ్రంగా, నిండుగా వచ్చింది. మేస్త్రీగారి చేతికి దణ్ణం పెట్టాలి. అమ్మ స్తంభానికి ఆనుకుని కళ్ళు మూసుకుని విన్నది. అయిపోయాక కళ్ళు తెరిచి, కాస్త అయోమయంగా ఫిడేలు వంక చూసింది.

"బాగుందే. బానే వాయించేవు. కానీ…"

"కానీ ఏంటమ్మా?"

"ఆ జుయ్‌మంటూ ఉండీది కదా, అదేదీ?"

నేనూ, అబ్బాయీ ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం. పెట్టెలోంచి పాత తోక తీసి అమ్మ చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి, రాగితీగె మీద బొటనవేలితో రుద్ది, కొంగు చివర ముడేసుకుని లేచింది.

"మళ్ళీ వాయించు. పిల్లాడికి కాఫీ పెట్టి వస్తాను" అంది.